నా సేత్తో తెచ్చిన పూలకంప

"సిన్న మామ్మా, ఆ కొండ మీద కంపంతా ఎలా తీసీసినారో సెప్పవా? కాలేజీలో రాసి తెమ్మన్నారు. నువ్వు సెప్తే ఫోన్లో రికార్డు సేసుకుంతాను."

రికార్డా, పెట్టుకో. ఇలా దగ్గరికి జరుగు, అంత దూరం కూకుంటే నా గొంతు దానికి అందదు. ఆ కోడిని అవతలికి తోలీ, మద్దెలో అది కూస్తే మీ మేస్టారు నానే కూసినాననుకుంతాడు.

కంప గురించా? సరైన మనిసినే అడిగినావు గుంటా. దాన్ని పీకిన కమిటీకి పెసిడెంటుని నానే. దాన్ని ఈ ఊరికి తెచ్చిందీ నానే. నవ్వకు. మీ సిన్న తాతకి కాక మీ నాయనమ్మ బుద్రికి తెల్సు ఈ మాట, ఇంకెవులికీ తెల్దు. దాన్ని అడిగితే నీకు సగమే సెప్తాది, ఎద్దు సంగతి వొదిలీసి సెప్తాది. నాను మొత్తం సెప్తాను. కాలేజీవోలకి తెల్సినా నాకేటి, ఆల్లు ఈ కొండెక్కి వొచ్చి నన్ను నిలదీస్తారేటి.

అప్పుడు నాకు పెల్లయి ఒక వానాకాలమే అయినాది. కాదు కాదు, రెండు. మీ సిన్న తాత ఇస్తర్లు కుట్టీ అడ్డాకు మోపు కావిడేసుకుని సంతకి ఎల్తుంటే ఎనకాల నానూ ఎల్లినాను. అప్పట్లో బస్సులు నేవు మరి, నడకే. ఆకు మోపు ఇచ్చి ఉప్పు, ఎండుసేపలు తెచ్చుకునీవోలం. దారిలో పెద్ద ఆఫీసర్లు దిగీ బంగ్లా ఒకటుండీది. దాని సుట్టూ కంచె, కంచె నిండా పూలు. ఒకే గుత్తిలో పసుపు, ఎరుపు, మద్దెలో గులాబీ. నాను ఏనాడూ సూడనేదు అలాంటివి. మన కొండ మీద పూలు లేవా అంటే ఉన్నాయి, కానీ మన పూలు మనకి పూలలాగ కనపడవు గదా.

అక్కడ ముసిలి తోటమాలి నీల్లు పోస్తన్నాడు. "బాబూ, సిన్న కొమ్మ ఇత్తావా" అనడిగినాను. మీ సిన్న తాతకి సిగ్గేసి దూరంగా పోయి నిలబడ్డాడు. తోటమాలి బేగి ఒక కొమ్మ ఇరిసి ఇచ్చీసి, "తీసుకుపో అమ్మా, ఇది ఎక్కడేసినా బతుకుతాది, సంపినా సావదు" అన్నాడు. నిజం సెప్పినాడు మహానుబావుడు. ఇన్నేల్లలో నాతో మొక్కల గురించి మాటాడినోల్లల్లో ఒక్క అబద్దమూ ఆడనోడు ఆడొక్కడే.

తెచ్చి మా రాల్లకంచె పక్కన గుచ్చినాను. ఏడాది తిరక్కుండా గుబురైపోనాది. ఊల్లో ఆడోల్లంతా సూడ్డానికి వొచ్చీవోరు. తలలో పెట్టుకునీవోల్లం, వాసన మాత్రం... సర్లే, పిల్లి వాసన. అయినా పెట్టుకునీవోల్లం. తలో కొమ్మ ఇరుసుకుని పోయినారు. ఎక్కడిదని అడిగితే దానికదే మొలిసినాదని సెప్పీదాన్ని, నాను కొమ్మ అడుక్కున్నానంటే మీ సిన్న తాతకి సిగ్గు. నాకెంత గొప్పగా ఉండీదో. తర్వాత దానికి నల్ల పల్లు కాసినాయి, పిట్టలు తిన్నాయి, కొండ మీదికి ఎగిరినాయి. పిట్టలకి కమిటీ అక్కర్నేదు, మీటింగూ అక్కర్నేదు. ఆటంత సక్కగా మొక్కలు నాటినోల్లని నాను ఇంతవరకు సూడనేదు.

మీ నాన్న పుట్టీసరికి కొండ సగం కంపే. అడుగున గడ్డి మొలవదు. కొండసీపుర్లు పోనాయి, అడ్డాకు తీగ పోనాది, దుంపలు తవ్వీ సోటు పోనాది. ఊటకి ఎల్లీ దారి మూసుకుపోతే నీల్లకి సుట్టు తిరిగి ఎల్లీవోలం. అందరూ ఆ కంపని తిట్టీవోరు, "ఏ ముండ తెచ్చినాదో" అని. నానూ తిట్టీదాన్ని. ఇంకా గట్టిగా తిట్టీదాన్ని.

సరే, ఎద్దు సంగతి. మీ తాతా మీ నాయనమ్మా కట్టపడి ఒక జత ఎడ్లు కొనుక్కున్నారు. అందులో నల్లెద్దు, అబ్బ, దాని నడక సూడాల. ఒకనాడు పొద్దున్న నాను ఆల్ల పసువుల సాల ముందు నిలబడి మీ నాయనమ్మతో అన్నాను, "అప్పా, ఎంత బాగున్నాది నీ ఎద్దు, ఏనుగులాగ ఉన్నాది" అని. మంచికే అన్నాను. ఆ ఎండాకాలం వాన నేదు, గడ్డి నేదు. పది దినాలకి ఆ ఎద్దు ఎండలోకి రావడం మానీసినాది. సాలలో మూలకి తల పెట్టుకుని నిలబడిపోయీది. మూతి మీద, సెవుల మీద తోలు పొరలు పొరలుగా ఊడిపోనాది, కల్లు పసుపుగా అయిపోనాయి. నీల్లు పెడితే మొకం తిప్పుకునీది. ఆకరికి సచ్చిపోనాది.

ఒంటెద్దుతో ఏటి దున్నుతారు? ఆ ఏడు ఆల్లకి సోల్లు పండనేదు, సామలు పండనేదు. మీ తాత కాఫీ తోటల్లోకి కూలికి ఎల్లినాడు. మీ నాయనమ్మ ఊరందరి ముందూ నన్ను సూపించి, "దీని కల్లే తగిలినాయి నా ఎద్దుకి" అన్నాది. నీకు తెల్దు గుంటా, అప్పట్లో ఆ మాట సిన్న మాట కాదు. కన్ను తర్వాత సిల్లంగి, అదే సేతబడి, అంటారు, సిల్లంగి అన్నాక కర్రలు తీస్తారు. మా మావ, అంటే మీ ముత్తాత, పెద్ద మనిసి కాబట్టి అడ్డం పడ్డాడు. నన్నెవులూ ముట్టుకోనేదు. కానీ ఎవులి సాలకీ నాను ఎల్లరాదు, ఎవులి పసిబిడ్డనీ సూడరాదు. మీ నాన్న పెల్లికి నాను వొంటింట్లోనే కూకున్నాను, నీకెవులైనా సెప్పినారా? సెప్పరులే. మీ నాయనమ్మా నానూ ఒకే వాకిలి తుడుసుకునీవోలం, అది ఆ సగం, నాను ఈ సగం. మాట నేదు. ఎన్నేల్లు? నీ వొయసుకంటే ఎక్కువే.

ఆ, కొండ సంగతి కదూ నువ్వు అడిగినావు.

నువ్వు ఇస్కూలు హాస్టల్లో ఉండీటప్పుడు, జీపేసుకుని సంస్తోల్లు వొచ్చినారు. ఒక కుర్ర సారు, మంచోడే పాపం. "అమ్మా, ఈ కొండ మీదున్నది లాంటానా, పరాయి దేశం మొక్క. దాన్ని తీసీసి మన సొంత మొక్కలు నాటుదాం" అన్నాడు. ఊల్లో సంగతి ఆల్లకి తెల్దు గదా, పెద్దోల్లల్లో ఒకదాన్నని నన్ను పెసిడెంటు సేసినారు. నాను వొద్దన్నాను. "మీలాంటి పెద్దోల్లకే పాత అడవి గుర్తుంటాదమ్మా" అన్నాడు. నిజమే, నాకు అన్నీ గుర్తున్నాయి.

మొదటి రోజుకి పెద్ద సారు వొస్తన్నాడని ఇస్కూలు పిల్లలు స్వాగతం కట్టినారు. ఎదురుకర్రలు పాతి, దండలు కట్టి, బలే అందంగా సేసినారు. ఏ పూలతో అనుకున్నావు? పెద్ద సారు ఆటి కింద నుంచి నడిసొచ్చి, ఎంత అందంగా ఉన్నాయి మీ కొండ పూలు అని మెచ్చుకుని, ఒక మొక్క పీకి ఫోటో దిగి ఎల్లిపోనాడు. ఆయన పీకిందీ ముందే తవ్వి వొదులు సేసి పెట్టిందే.

మొక్కల లారీ వొచ్చినాది. మన సొంత మొక్కలని సెప్పినారు గదా, సూస్తే సగం సిల్వరోకు, సగం ఎర్రపూల సెట్లు, టవును రోడ్ల పక్కన ఏస్తారే, అయ్యి. నాను అడిగినాను, "బాబూ, ఇయ్యి ఎక్కడియ్యి?" "నర్సరీవమ్మా." "నర్సరీకి ముందు?" సారు తల గోక్కున్నాడు. ఆ సారుని ఏడిపించడం నాకు ఇస్టం నేదు గానీ ఇంకో మాట కూడా అడిగినాను, "పరాయి దేశానివన్నీ పీకాలంటే కాఫీ మొక్కలూ పీకాల గదేటి?" "కాఫీ వేరమ్మా" అన్నాడు. "ఎందుకు వేరు?" "దానికి రేటున్నాది గదమ్మా." అదీ నిజమే. పాపం ఆ పూలకంపకి రేటు నేదు, అందుకే అది పరాయిదైపోనాది.

కొడవల్లిచ్చి మొదలు కాడికి నరకమన్నారు. నరికినాం. మొదటి వానకి ఒక్కో మొదలు నుంచి పది పిలకలు లేసినాయి. అప్పుడు మేమే సూసుకున్నాం, నరికితే సావదు, గునపంతో ఏరు కాడ తవ్వి, పైకి లాగి, ఏరు ఆకాశానికి పెట్టి మోడు మీద తలకిందులుగా ఏలాడదీసీయాల. మట్టి తగిలితే మల్లీ బతికీస్తాది. అది సూసి సంస్తోల్లు మల్లా ఏడాది మాకే శిక్షణ పెట్టినారు, ఎలా తవ్వాలో నేర్పడానికి. తెర మీద బొమ్మలు ఏసి సూపించినారు. ఆ బొమ్మల్లో తవ్వుతన్నది మేమే. బోయినం బాగా పెట్టినారులే, గుడ్డు కూడా ఏసినారు.

ఆ శిక్షణకే పసువుల డాక్టరమ్మ ఒకామె వొచ్చినాది. ఈ ఆకు తింటే పసువుకి ఏటవుతాదో సెప్పినాది. ఎండ సూడనేదు, సీకట్లో మూలకి నిలబడిపోతాది, మూతి తోలు, సెవుల తోలు ఊడిపోతాది, కల్లు పసుపైపోతాయి అన్నాది. మీ నాయనమ్మ నాకు రెండు వరసల ముందు కూకున్నాది. మెల్లిగా ఎనక్కి తిరిగి నన్ను సూసినాది.

మర్నాడు పొద్దున్న వాకిలి దాటి వొచ్చినాది. సేతిలో అంబలి పోసిన ఆనపకాయ బుర్ర. నా ముందు పెట్టి, "లచ్చీ, నీ కల్లు కాదే. ఆ కంపే. ఇన్నేల్లూ నిన్ను ఊరికే ఏడిపించినాను" అని నా కాల్ల కాడ కూకుని ఏడిసినాది. నాకంటే పెద్దది, నా బావగారి పెల్లాం, నా కాల్ల కాడ.

నా పరిస్తితి సూడు గుంటా. సెయ్యని తప్పుకి అన్నేల్లు శిక్ష పడ్డాది. ఇప్పుడు ఆ శిక్ష తీసీసి సమాపణ సెప్తన్నారు, దానికి ముందు దినమే తెల్సినాది అసలు తప్పు నాదేనని. నా కల్లు కాదు, నా సెయ్యి. అంబలి తాగీసినాను. బాగున్నాది కూడాను.

అప్పటి నుంచి మనిసిని మనిసిలాగ ఉండనేదు. అందరికంటే ముందు కొండెక్కీదాన్ని, అందరి తర్వాత దిగీదాన్ని. అరిసేతులు బొబ్బలు. "సూడండి, ఈ వయసులో ఈమె పట్టుదల" అని కుర్ర సారు అందరికీ సూపించీవోడు. సభలో సాలువా కప్పినారు. మీ నాయనమ్మే అందరికంటే గట్టిగా సప్పట్లు కొట్టినాది. ఆ సాలువా కింద నాకు సెమట్లు పట్టీసినాయి.

ఆకరికి మా రాల్లకంచె పక్క మొదటి గుబురు మిగిలినాది. దాని ఏరు నా నడుమంత లావు. మీ నాయనమ్మా నానూ ఇద్దరమే తవ్వుతన్నాం. గునపం కింద పెట్టి సెప్పీసినాను. "అప్పా, దీన్ని తెచ్చింది నానే. బంగ్లా కాడి నుంచి. పెల్లైన కొత్తలో." అది కొంగుతో మొకం తుడుసుకుని ఇంట్లోకి ఎల్లిపోనాది. రెండు దినాలు తలుపు తియ్యనేదు. నాను ఇంక అయిపోనాదిలే అనుకున్నాను.

మూడో దినం గునపంతో వొచ్చినాది. ఇటు సూడకుండా తవ్వుకుంటా ఇలాగన్నాది, "ఆ ఏడు గడ్డి నేదు గదా. ఎద్దు ఆ కంప వాసనకే మొకం తిప్పుకునీది. నానే లేత కొమ్మలు కోసి, గంజిలో కలిపి, బలవంతంగా తినిపించినాను. డాక్టరమ్మ సెప్పిన కాడి నుంచి నాకు నిద్ర నేదు. నీకు అంబలి తెచ్చినప్పుడే సెప్పాల్సింది."

ఇద్దరం ఒకల్లనొకలం సూసుకున్నాం. నాటినదాన్ని నాను, పెట్టినది అది. నల్లెద్దు ఉంటే అడిగీవోల్లం ఎవులిది ఎక్కువ తప్పని. ఆ దినం పొద్దు గుంకీదాకా తవ్వి ఏరు బయటికి లాగినాం. లాగీటప్పుడు ఇద్దరం ఎనక్కి పడ్డాం, మీ నాయనమ్మ నా మీద పడ్డాది. నవ్వుకున్నాం, మీ సిన్న తాత బయటికొచ్చి ఏటైనాదని సూసీంతగా.

ఇప్పుడు కొండ సూస్తన్నావు గదా. లారీలో వొచ్చిన మొక్కలు సగం మేకలు తినీసినాయి, సగం ఎండిపోనాయి. మేం ముసిలోల్లం సంచుల్లో ఏరి సల్లిన పిక్కలు మొలిసినాయి, ఉసిరి, నేరేడు, కరక, జీలుగు. అడ్డాకు తీగనీ సీపుర్లనీ ఎవులూ నాటనేదు, ఎలుతురు తగిలీసరికి అయ్యే లేసినాయి. రోడ్డు కాడ బోర్డు పెట్టినారు, ఈ అడవిని పలానావోల్లు పెంచినారని. పెట్టుకోనీ. వానకి దానికి తుప్పు పట్టకుండా సూసుకోవాల్సింది ఆల్లే.

మొన్న వానల ముందు మొదటిసారి దుంపలు తవ్వినాను. మీ నాయనమ్మ కొండెక్కనేదు గదా ఇప్పుడు, మోకాల్లు. ఉడకబెట్టి ఆకులో ఏసి పట్టుకెల్లినాను. ఎన్నేల్లయినాదో తిని. ఒకటి నోట్లో ఏసుకుని నమిలి, "లచ్చీ, ఇవి ఇంత సేదుగా ఉండీవేటి?" అన్నాది. "ఇలాగే ఉండీవి అప్పా, మనకి అప్పుడు ఆకలి ఎక్కువ" అన్నాను. దీనికోసమా ఇంత తవ్వినాం అని గొనుక్కుంటా ఇంకో రెండు తీసుకున్నాది.

ఏటి, బస్సు టైమైనాదా? ఆపీ ఆ ఫోను, సాలు. కాలేజీకి రాసీటప్పుడు నా పేరు రాసినా రాయి, మీ నాయనమ్మ పేరు మాత్రం రాయకు, అది పరువు మనిసి. ఇలా రా, తల వొంచు. పచ్చగా ఉండు తల్లీ. తప్పులు సేస్తావు, సెయ్యకుండా ఎవులూ ఉండరు. పీకడానికి పక్కన ఒకలు ఉండాల నీకు, గునపం పట్టుకుని, తిట్టుకుంటా అయినా... మన కొండదేవత జాకరమ్మ సూడాల నిన్ను. దుంపలు నాలుగు మూట కట్టినాను, హాస్టల్లో తిను. సేదుగా ఉంటాయి, సెప్పినాను గదా, అయినా తిను...