సిక్కుడు కొత్తకి ముందే

నేనెప్పుడూ ఏటీ రాయనేదే కోడలా. అయిదు సదివినాను గానీ, ఆ తరవాత సంతకానికి తప్ప పెన్ను పట్టనేదు. మొన్న నువ్వొచ్చి, "అత్తా, మా బడిలో ఒక పిల్లాడు అన్నం కంచం తోసేశాడు, అందరూ కర్ర పట్టమంటున్నారు, ఇంక నేనూ పడతాను" అన్నావా? నీ ఎదురుగా సెప్పనేకపోనాను. నాకు నోరు రాదు, తెలుసు కదా. రాస్తే ఎవులూ నా మొకం సూడరు. అందుకు రాత్తన్నాను, మాటాడినట్టే. తప్పులుంటే నువ్వే దిద్దుకో, టీచరమ్మవి.

మా సిలకమ్మ, అదే, మీ వదిన, మూడో తరగతిలో... కాదు, నాలుగు. నాలుగే. అప్పటికి మన ఊరికి జీపు రావడానికి దారి నేదు. కింద రోడ్డు పక్కన ఆశ్రమ బడి, అక్కడే హాస్టలు. దాన్ని అందులో ఏసినాము. మీ మావ కాపీ పళ్ళు కొయ్యడానికి తోటలకి పోనాడు.

సిక్కుళ్ళు కాసే కాలం. కొత్త పండగ చేసి అమ్మోరికి పెట్టేదాకా కొత్త సిక్కుడుకాయ మనం నోట్లో ఎయ్యం కదా. ఏస్తే ఇంట్లో ఎవులికో జబ్బు సేత్తాదంటారు. మా అత్త, అదే, మీ మావ తల్లి, పాదు కింద రాలిన కాయని కాలితో కూడా తాకేది కాదు. సంతలో మానెడు గింజలకి సోలెడు ఉప్పు కొలిసే సావుకారు కూడా, కొత్త అయ్యేదాకా ఆ ఏడాది గింజలు అడిగేవోడు కాదు. అంత బయం.

ఒక సంత రోజు నేను విస్తర్లు కుట్టే అడ్డాకులు అమ్ముతన్నాను. కింద ఊరి బోడమ్మ వొచ్చి, "ఒలే, నీ గుంట, ఆ సిలక, బడిలో నేదంట కదే! నిన్న రాత్రి కూడుకాడ వార్డెను కొట్నాడంట. పొద్దుట్నుంచి కనబడనేదంట" అన్నాది. ఆకుల కట్ట అక్కడే ఒగ్గీసి, ఇంటి దారి ఎంట ఎతుక్కుంటా పోనాను.

దారిలో గెడ్డ, ఆ నీళ్ళు దాటాల. ఆ పైన ఎలుగులు తిరిగే తుప్పలు. సంతలో బేరానికి కూడా గొంతెత్తని దాన్ని, ఆ రోజు కొండంతా ఇనబడీలా అరిసినాను. సిలకా, సిలకా అని. పలకనేదు. గెడ్డలో రాళ్ళ సందున ఎర్రగుడ్డ కనబడినాది. దాని గౌను ఎరుపే. తీసి సూత్తే ఎవులిదో తువాలు.

పొద్దు ఒంగేక, మన సేను మంచె మీద కనబడినాది, ముడుసుకోని. పిలిస్తే ఇంకా లోనకి జరిగిపోనాది. నేనూ కొడతాననుకున్నాది గావాల. ఎక్కి పక్కన కూకున్నాను. దాని మోకాళ్ళు సూసినాను. గులకరాళ్ళ మీద మోకాళ్ళేయించినారు, తోలు లేసిపోనాది. అరిసేతుల్లో బెత్తం వాతలు.

అదే సెప్పినాది. హాస్టల్లో కొత్త సిక్కుడుకాయ కూర పెట్టినారంట. మన ఊళ్ళో కొత్త అవనేదు కదా, కంచం తోసేసినాది. "పొగరా నీకు?" అని వార్డెను కొట్నాడు. ఎందుకు తినవే అని మాత్రం ఎవులూ అడగనేదు. అతగాడు కింద ఊళ్ళోడు, అతగాడికేటి తెలుసు. ఆఖరికి బెత్తం ఎదురుగా పెట్టి తినిపించీసినాడు.

"తినీసినానమ్మా," అన్నాది. "తమ్ముడు సచ్చిపోతాడా?"

ఆ పొద్దున్నే కోడలా, దాని తమ్ముడికి, అదే, మీ బావ సూరిగాడికి జొరం తగిలినాది. దానికి తెల్దు. ఇప్పుడు వాడు జీపు తోల్తన్నాడు గాబట్టి నువ్వు నవ్వుతావు. వాడు బతుకుతాడని ఆ రోజు నాకెవులు సెప్పినారు?

"బడికీ ఎల్లను, ఇంటికీ రాను. అక్కడ వార్డెను బాబు కొడతాడు, ఇక్కడ అమ్మోరు కొడతాది" అన్నాది. అంత పిల్లకి నిలబడ్డానికి సోటు నేదు, సూసినావా. సంకనేసుకోని ఇంటికి తెచ్చినాను. తమ్ముడు మూలుగుతుంటే సూసి, గుమ్మంకాడే ఆగిపోనాది. వాడి పక్కన పడుకోనంటే పడుకోనన్నాది.

మర్నాడు తెల్లారి నేను సేన్లోకి ఎల్లి గుప్పెడు సిక్కుడుకాయలు కోసినాను. తెచ్చి ఉడకేసినాను. మా అత్త సూసి, "ఓలమ్మో, దీనికి పిచ్చెక్కినాదా! కొత్త అవనేదే!" అని కేకలేసినాది. తల్లీ, పిల్ల కావాలని తిననేదు, తప్పుంటే నా మీద ఎయ్యి, అని అమ్మోరికి దండవెట్టుకోని, సిలక సూత్తండగా తినీసినాను.

"ఇంక ఏటొచ్చినా మనిద్దరికీని. పద" అన్నాను.

అది నా నోటి వేపే సూసినాది. తరవాత ఎల్లి తమ్ముడి నుదురు మీద సెయ్యేసినాది. వాడు ఇంకా కాలిపోతన్నాడు.

అలాగే దాన్ని తీసుకోని బడికి దిగినాను. వార్డెను బాబు మొకం సూసి మాటాడ్డం నాకదే మొదలు. "కొట్టకండి బాబూ. అడగండి. అది సెప్తాది" అన్నాను. అతగాడు ఏదో అన్నాడు, నా గుండె సప్పుడుకి ఇనబడనేదు. గంట కొట్టినారు, పిల్లలందరూ లోనకి పోనారు. దాని సెయ్యి నేను ఒదల్నేదు. మరి అదే ఇడిపించుకోని లోనకి ఎల్లినాది.