షెడ్డు ఖాళీ లేదు

హలో… ఖమ్మమా?… ఆఁ, నేనేనండీ, నిర్మలని! దమ్మపేట పోస్టాఫీసు నుంచి… ఏడుస్తలేను, నవ్వుతున్న!

ముందు ఒక్కటి చెప్పండి — కోళ్ల షెడ్డు కిరాయికిస్తనని చెంచురామయ్యగారికి మాటిచ్చిన్రా?… ఇంకా లేదా? అమ్మయ్య! ఇయ్యకండి. ఆయన మిర్చి బస్తాలు ఇంకోకాడ పెట్టుకుంటడు…

ఎందుకా? కోడిపిల్లలు బతికినయండీ! అన్నీ!

అవ్, కరెంటు పోయింది. నిన్న మీరు బస్సెక్కుడే ఆలస్యం, ఈ ముసురుకు పోయింది… ఇంకా రాలే. పిల్లలకు వెచ్చగుండ పెట్టిన బల్బులన్నీ ఆరిపోయినయి. పిల్లలు మూలకు చేరి ఒకదాని మీదొకటి ఎక్కుతున్నయి… అవ్, పోయినసారి లెక్కనే. చచ్చినవాటిని గంపలకెత్తి పూడ్చినం గదా… అదే యాదికొచ్చి షెడ్డుల నిలవలేకపోయిన.

టీ అన్న తాగుదామని వంటింట్లకు పోయిన. గోబర్ గ్యాసు అంటించిన. మంట దిక్కు చూసుకుంట నిలబడ్డ… అవ్! అదే! టీగిన్నె దించి, స్టవ్వెత్తుకొని షెడ్డుకు ఉరికిన!

షెడ్డు దాకా గ్యాసు పైపా?… కోప్పడనంటే చెప్త… బావి మోటారుకు తెచ్చిన కొత్త పైపు. కోసిన… హలో?… ఉన్నరా?… మొత్తం కాదండీ, సగమే!

ఊక పక్కకు ఊడ్చి, ఇటుకల నడుమ స్టవ్వు పెట్టి, చుట్టూ ఇనుప జాలీ, పైన రేకు గొడుగు లెక్క. జమ్లి గోనె పరదాలు కట్టింది… మన బర్రెల కాడ చేసే జమ్లే… గాలాడ సందు ఇడిచినం, ఆమాత్రం తెల్వదా నాకు?

కానీ మంట లేస్తలేదు… అవ్, చలికి గ్యాసు తగ్గింది. అప్పుడు ఎవరొచ్చిన్రో చెప్పండి… కాదు… లైన్‌మేన్ కాదు… మీ అమ్మ!

పేడ గ్యాసు మీద వండింది ముట్టనన్న అత్తమ్మే! గ్యాసు డ్రమ్ము మీద బరువు పెట్టుమన్నది. రుబ్బురోలు తెమ్మన్నది… నేను, జమ్లి మోసినం. ఆమె హుకుం చేసింది. డ్రమ్ము కిందికి దిగిందో లేదో, షెడ్డుల మంట బుస్సుమని లేచింది! ముగ్గురం వానల ఎగిరినం… అత్తమ్మ కూడా! ఒట్టు!

మెల్లగ ఒక్కొక్కటే విడిపోయినయండీ. షెడ్డంత పరుచుకొని, కాళ్లు చాపి పండుకున్నయి. చచ్చినయేమోనని ఒకదాన్ని ముట్టుకున్న… పొడిచింది నన్ను! నిద్ర చెడగొట్టిననని!

ఏమండీ… ఏడుస్తున్నరా?… జలుబా? సరే, జలుబే.

ఏంది, చెంచురామయ్యగారు పక్కనే ఉన్నడా? ఫోనియ్యండి, నేనే చెప్త… ఇయ్యండి అంటుంటే…

నమస్తే అన్నయ్యగారూ… మా షెడ్డు ఖాళీ లేదండీ. కిరాయికి దిగిన్రు… శానామంది! పొద్దస్తమానం అరుపులే. తిండి కూడా మేమే పెట్టాలె… ఖాళీ చేయించుడా? మా అత్తమ్మ ఊకోదు!… నవ్వుతున్నరు, అయితే కోపం లేనట్టే. ఆయనకియ్యండి.

ఏమండీ, టైమైందంట, పోస్టుమాస్టరు చెయ్యి ఊపుతుండు. జల్దీ రండి… కానీ అక్కడ్నే తినిరండి. ఇంట్ల వంట లేదు… కట్టెలు తడిసినయి… స్టవ్వా? ఇందాక తెద్దామని పోయిన. అత్తమ్మ షెడ్డుల పీటేసుకొని కూసున్నది, అటుకులు నములుకుంట. పిల్లలు పండుకున్నయి, స్టవ్వు ముట్టినవంటే చూడు అన్నది…

అవ్, మీ అమ్మే!… హలో?… హలో?…

పోయింది సార్ లైను. పోనియ్యండి — నవ్వుకుంటనే పోయింది.