పై వివరాలన్నీ నిజమని

బెంజ్ సర్కిల్ దగ్గర ఓ జిరాక్స్, డీటీపీ షాపు. కౌంటరుకి ఇవతల గంగాధర్, అవతల కంప్యూటరు ముందు నాగమల్లేశ్వరి. టైము మూడూ నలభై.

“అది కాదు మల్లేశ్వరిగారూ, అసలు ఈ మూడేళ్ళు ఎవరివి?”

“ఏ మూడేళ్ళండీ?”

“ఇదిగో, పోయిన వారం మీరు టైపు చేసిన నా రెజ్యూమే. ‘రొయ్యపిల్లల ల్యాబ్‌లో మూడేళ్ళ అనుభవం’ అని ఉంది. నేను ఆటోనగర్లో క్లచ్ ప్లేట్లు అమ్మేవాణ్ణి. రొయ్యని కూరలో తప్ప చూళ్ళేదు.”

“పాత ఫైలు మీదే టైపు చేస్తామండీ. పేరూ అడ్రసూ మారుస్తాం. ఒక్కోసారి కింద లైన్లు మిగిలిపోతాయి. మీరు చదువుకునే సంతకం పెట్టారుగా?”

“మీరు పెట్టమన్నచోట పెట్టాను.”

“సరే, ఆ లైను తీసేసి ఇంకో ప్రింటు ఇస్తాను. డబ్బులొద్దు.”

“తీయించడానికి రాలేదండీ. ఆ కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు.”

“ఏ కంపెనీ? కైకలూరు రొయ్యల కంపెనీయా?”

“ఆఁ. నేను స్టోర్సులో పనికి అప్లికేషన్ పెట్టుకున్నానా? మీకు స్టోర్సెందుకండీ, ల్యాబ్ ఇంచార్జిగా రండి అన్నారు.”

“...ఇంటర్వ్యూ అయిపోయిందా?”

“ఫోన్లో సగం అయింది. శాంభవిగారని, వాళ్ళ హెచ్.ఆర్. ఆవిడ. రొయ్యపిల్లలకి బాగోలేదని ఎలా కనిపెడతారంది.”

“ఏం చెప్పారు?”

“నీరసంగా ఉంటాయన్నాను.”

“అయ్యో.”

“హాబీ కూడా అడిగింది. ‘ముగ్గులు వేయుట’ అని ఉందిగా.”

“అదీ మిగిలిపోయిందా!”

“మీరే వేస్తారా అంది. పండక్కి వేస్తానన్నాను.”

“ఒప్పేసుకున్నారా?”

“కింద సంతకం ఉందిగా అండీ.”

“మరి అంతా బానే ఉందిగా. ఇప్పుడు ఇబ్బందేంటి?”

“మా అక్క కూతురు రుచిత ఆన్‌లైన్‌లో, ఉద్యోగాల సైట్లో నాకో ప్రొఫైల్ పెట్టింది. ఆ లింకు మీరే కదా కాగితంలో టైపు చేశారు? ఆ శాంభవిగారు తెరిచి చూసింది. దాంట్లో అన్నీ క్లచ్ ప్లేట్లే. కాగితం ఒకటి చెబుతోంది, ప్రొఫైల్ ఇంకోటి చెబుతోంది, ఏది నిజమో చూసుకుని ఉండండి, నాలుక్కి మళ్ళీ చేస్తానంది.”

“నాలుక్కా? ఇంకో పావుగంటేగా!”

“అందుకే ఉరుక్కుంటూ వచ్చా. ప్రొఫైల్ మార్చేయండి. కాగితంలో ఎలా ఉంటే అలా పెట్టేయండి.”

“పెట్టచ్చు. ఆగండి, తెరుస్తున్నా... మీ ప్రొఫైల్‌తో కలిసినవాళ్ళు ఇక్కడ నాలుగొందల పదకొండు మంది ఉన్నారు.”

“అంతా ఆటోనగరే.”

“మార్చగానే అందరికీ వెళ్తుందండీ. మీ ఓనరుకి కూడా.”

“ఆయన చూస్తే నవ్వుతాడే.”

“నవ్వడు. అభినందనలు అని పెడతాడు. మిగతా నాలుగొందల మందీ నవ్వుతారు.”

“కాగితానికి ఈ గోల లేదు. ఒక్కావిడ చూసింది, అయిపోయింది.”

“కాగితమైతే ఒకళ్ళతో అబద్ధమాడితే చాలు. ఇది రోడ్డు మీద నిలబడి ఆడాలి.”

“దీంట్లో సంతకం ఎక్కడ?”

“దీనికి సంతకం ఉండదండీ.”

“సంతకం పెట్టినదాంట్లో అబద్ధం, పెట్టనిదాంట్లో నిజం. బావుంది.”

“మార్చమంటారా, వద్దా?”

“మార్చండి. ఒకటో తారీఖుకి మా ఓనరు షాపు ఎత్తేస్తున్నాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. నాకీ ఉద్యోగం కావాలండీ.”

“చేరాక ఏం చేస్తారు? రైతులు శాంపిలు తెచ్చి మీ ముందు పెడతారు. మైక్రోస్కోపు కింద పేగు చూడాలి, నిండుగా ఉందా, ఖాళీగా ఉందా అని. తర్వాత ఉప్పు తక్కువ నీళ్ళలో వేసి, అరగంట ఆగి, ఎన్ని బతికాయో చూడాలి. మీరు బాగున్నాయంటే ఆ మనిషి నమ్మి చెరువులో వదిలేస్తాడు. పోతే మొత్తం పోతుంది.”

“ఇవన్నీ మీకెలా తెలుసు?”

“టైపు చేస్తుంటాగా.”

“నా కాగితంలో పేగు లేదే.”

“...టీ తెప్పించమంటారా?”

“మల్లేశ్వరిగారూ, ఈ షాపు ముందు ముగ్గు ఎవరేస్తారు?”

“పొద్దున్నే ఎవరొస్తే వాళ్ళు.”

“ఎవరొస్తారు?”

“...నేనే.”

“అంటే పాత ఫైలు...”

“నాదేనండీ. అందరివీ నాదాని మీదే కొడతాను. మా ల్యాబ్ మూసేశాక ఇక్కడ చేరాను. మీది టైపు చేసిన రోజే నాదీ ఆ కంపెనీకి పంపించాను. ల్యాబ్ ఉద్యోగానికే.”

“పిలిచారా?”

“ప్రొఫైల్ లింకు అడిగారు. నాకు లేదు. ఆ గడి ఖాళీగా వదిలేశాను.”

“ఊళ్ళో అందరికీ చేసి పెడతారు కదండీ!”

“అందరివీ అయ్యేసరికి షట్టరు దించే టైమవుతుంది. రేపు చేసుకుందాం అనుకుంటాను.”

“ఎన్నాళ్ళ నించి?”

“రెండేళ్ళ నించి. నాకు కోపంగా ఉందండీ. మీ మీద కాదు. నా మూడేళ్ళు నా కాగితంలో ఉంటే పక్కన పడేశారు, మీ కాగితంలో ఉంటే పిలిచారు.”

“నేనడిగింది స్టోర్సు పనేనండీ.”

“తెలుసు. సరే, టైమైపోతోంది. ల్యాబ్ ఇంచార్జి అని పెట్టనా, టెక్నీషియన్ అని పెట్టనా?”

“ఆగండి, ఫోనొస్తోంది.”

“ఆవిడేనా? ఇంకా మార్చలేదు! ఎత్తకండి, రెండు నిమిషాలు...”

“హలో! ఆఁ, శాంభవిగారూ, గంగాధర్నేనండీ. చూసుకున్నానండీ. రెండూ నిజమే. ప్రొఫైల్ నాది. కాగితం, ఇదిగో, నా ఎదురుగా కూర్చున్న నాగమల్లేశ్వరిగారిది. ఫోను ఆవిడకిస్తున్నాను, మాట్లాడండి.”