ఊదా రంగు చుక్క

బీరయ్య మొదట చిన్న మాటే అన్నాడు. "ఆకు పసరు ఒక్క చుక్క కాయితం మీద వెట్టిన. గాజు సీసాల మందునీళ్లు పోసి, కాయితం కొస తాకేటట్టు యాలాడదీసిన. గంతే. నీళ్లు మెల్లగ పైకి పాకవట్టె. పసరు ఇడివడి పచ్చ ఒకకాడ, పసుపు ఒకకాడ నిలవడ్డయి."

నాంపల్లిలో అతని కిరాయి గది ముందరి అరుగు అది. పొద్దుగూకుతోంది. ఇంటి యజమానురాలు కొండమ్మ, గన్‌ఫౌండ్రీ బ్యాంకులో గుమాస్తా వామన్‌రావు వింటున్నారు. కానీ బీరయ్య చెబుతున్నది వాళ్లకు కాదు, పొద్దున బండి దిగిన అక్క సమ్మక్కకు. తల్లిలేని అతని కూతురు నర్మదను ఊళ్లో పెంచుతున్నది ఈ అక్కే. ఇక పిల్లను తన దగ్గరికి పంపమని బీరయ్య కబురు చేస్తే, "ముందు నీ బతుకెట్లున్నదో చూస్త" అని వచ్చింది. సైన్సు కాలేజీలో అతను సీసాలు కడుగుతాడని ఆమెకు తెలియదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పాలచుక్క వెట్టిన. ఆరినంక ఇంకో మందు చల్లి జర కాక చూపిస్తే ఊదా చుక్కలు లేసినయి. వాటిని చూసి బర్రె ఏ గడ్డి మేసిందో చెప్పిన. ప్రొఫెసర్ సాబ్ కుర్చీలకెల్లి లేసి నిలవడ్డడు!"

"బర్రె పేరు చెప్పలేదా?" అన్నాడు వామన్‌రావు.

"కాయితం పొట్టిదైపాయె సాబ్! గందుకే అబిడ్స్ గడియారం మీదికెల్లి కాయితపు తాను ఇడిసిన. కింద ఒక్క కన్నీటి చుక్క. ఇగ రంగులు ఎక్కుతనే ఉన్నయి, ఎక్కుతనే ఉన్నయి. గడియారం ముల్లు ఊదాగైంది. ఆడికెల్లి మబ్బుకు పాకింది. ఖైరతాబాద్ మీద ఊదా వాన కురిసింది!"

"ఔ, నేను తెల్లచీర ఆరేసిన దినమే గావచ్చు," అంది కొండమ్మ.

"కన్నీరెవరిదిరా?" అని సమ్మక్క అడిగింది.

బీరయ్య గొంతు తగ్గింది. "నర్మదది. దసరాకు ఊరికొచ్చి మళ్లొస్తుంటే నా భుజం మీద ఏడ్సింది గద. ఆ అంగీ నేను ఉతకలే, ఆ మరకనే నానవెట్టి కాయితం మీద చుక్క వెట్టిన." జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. మధ్యలో లేత ఊదా మరక. "గీంట్ల పిల్లుంటదక్కా. రోజు చూస్త. బువ్వ తిన్నదో లేదో, నిద్రవోయిందో లేదో, అన్ని తెలుస్తయి."

సమ్మక్క కాగితాన్ని కందిలి దీపం దగ్గరికి జరిపింది.

"అరేయ్ బీరిగా, పటేల్ ముంగట వేలిముద్రలేసి ముసలిదాన్నైన. చుక్కకు గిట్లా సుళ్లుంటయారా? నీ బొటనవేలు గీడ వెట్టు."

పెట్టాడు. అచ్చంగా సరిపోయింది. "కాయితాన్ని ఉత్త చేత్తో ముట్టొద్దు, ఏళ్ల చెమట గూడ ఊదాగ లేస్తదని ప్రొఫెసర్ సాబ్ ఎన్నిసార్లు చెప్పిండో!" అని బీరయ్య నాలుక కరుచుకున్నాడు.

"అంటే ఖైరతాబాద్‌ల కురిసింది నీ చెమటేనా?" వామన్‌రావు విరగబడి నవ్వాడు.

సమ్మక్క నవ్వలేదు. సబ్బుసోడాకు చిట్లిన ఆ వేలిని కాసేపు పట్టుకునే ఉంది. తర్వాత కాగితాన్ని మడిచి కొంగున ముడేసుకుంది.

"నాయినేడని రోజు అడుగుతది పిల్ల. గిది చూపిస్త. బడి తెరిచేనాటికి తోలుకొస్త," అంది. "అప్పటిదాంక ఆ గడియారం ముల్లు కడిగిపెట్టు. సీసాలు కడిగే చేతులేనాయె."