స్వచ్ఛందంగా ఇచ్చిన తుపాకి

ఈ సభకు అధ్యక్షులుగా ఉన్న మా కాలనీ సంఘం పెద్ద ఇంద్రసేన గారికి, నా భుజం మీద శాలువా జారిపోకుండా ఇందాకటి నుంచి సర్దుతున్న మా జూనియర్ రాగిణికి, ముందు వరుసలో కూర్చుని 'త్వరగా ముగించండి' అని కళ్లతోనే చెప్పేసిన నా భార్య వేదవతికి, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ల నుంచి పనులు మానుకుని వచ్చిన పెద్దలకు, మిత్రులకు, కోర్టులో నా మీద గెలిచినవాళ్లకు, నా మీద ఓడినవాళ్లకు, నా వల్ల ఓడినవాళ్లకు కూడా నమస్కారం. (నవ్వులు)

చివరి మాటకు మీరు నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

నలభై ఒక్కేళ్ల కిందట మా నాన్నగారు చిక్కడపల్లిలో ఒక టిఫిన్ సెంటరు మీద గది అద్దెకు తీసుకుని, నా పేరు బోర్డు మీద రాయించి, 'ఇక నీ తిప్పలు నువ్వు పడు' అని వెళ్లిపోయారు. ఆ గదిలో ఇడ్లీ ఆవిరి మధ్య ఫైళ్లు చదివాను. నా క్లయింట్లలో సగంమంది మొదట టిఫిన్ కోసం వచ్చినవాళ్లే. (నవ్వులు) ఇంద్రసేన గారు ఇందాక మాట్లాడుతూ, 'సూర్యప్రకాశరావు గారి చేతిల పడ్డ కేసు ఎన్నడు ఖరాబు కాలే' అన్నారు. పెద్దమనిషి, అభిమానంతో అన్నారు. కానీ ఈ కోటు విప్పేసే రోజున నిండు సభలో ఒక అబద్ధం నా పేరు మీద మిగిలిపోవడం నాకు ఇష్టం లేదు. ఒక కేసు నా చేతిలోనే పాడైంది. దాన్ని గురించి చెప్పి కూర్చుంటాను.

మీరు లోపలికి వచ్చేటప్పుడు తలుపు దగ్గర బల్ల మీద ఒక వినతిపత్రం చూసి ఉంటారు. చదివినవాళ్లు తక్కువమందే అయ్యుంటారు, సంతకం పెట్టినవాళ్లు ఎక్కువమంది. ప్రభుత్వం కొత్త చట్టం చెయ్యాలని అందులో అడుగుతున్నారు. ఎవరి దగ్గరైనా లైసెన్సు తుపాకి ఉండి, ఆ మనిషి ప్రమాదకరమని ఇంట్లోవాళ్లో, ఇరుగుపొరుగో, డాక్టరో చెబితే, పోలీసులు ఆ రోజే తుపాకి తీసేసుకోవాలి, విచారణ తర్వాత జరగాలి. ఇదీ కోరిక. సభ అయ్యాక, పైన ఖాళీగా ఉంచిన మొదటి చోట నాచేత సంతకం పెట్టించి ఫొటో తీస్తారట. ఆ గౌరవానికి కృతజ్ఞుణ్ణి. నేను సంతకం పెట్టను.

(ఇంద్రసేన గారు మైకు దగ్గరికి వంగి, "రావు గారు, గది తర్వాత కూసోని మాట్లాడుకుందం, ఇయ్యాల మీ దినం గదా" అన్నారు.)

నా దినం కాబట్టే చెప్పనివ్వండి ఇంద్రసేన గారూ. రేపటి నుంచి నా మాట ఎవరు వింటారు? ఇంట్లో ఇప్పటికే వినడం లేదు. (నవ్వులు)

ఆ పత్రం రాసింది రచన. మూడో వరుసలో ఉంది, మీ అందరికీ తెలిసిన పిల్ల. ఆస్తి తగాదాలో సొంత బాబాయే పిస్తోలు పేల్చాడు. ఇవాళ్టికీ ఆమె కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు. రచనా, అమ్మా, నువ్వు అడిగిందాంట్లో తప్పుందని అనడం లేదు. అంతకుముందే మీ బాబాయి మీద నువ్వు మూడు ఫిర్యాదులు ఇచ్చావు, వాటిలో ఒకటి నేనే రాసిపెట్టాను. ఆ రోజున ఎవరినీ అడగకుండా ఆ పిస్తోలు లాక్కునే అధికారం నాకుంటే లాక్కునేవాణ్ణి. ఈ మాట దాచుకుని నీకు ఎదురు చెప్పడం మోసం. కానీ నీకు జరిగింది చట్టం లేక జరిగింది కాదు. లైసెన్సు ఆపడానికి, రద్దు చెయ్యడానికి ఉన్న చట్టంలోనే దారి ఉంది. మీ బాబాయి పలుకుబడి చూసి ఆ దారిలో ఎవరూ నడవలేదు. కొత్త చట్టం వచ్చినా నడిచేవాళ్లు వాళ్లే కదమ్మా. అప్పుడు వాళ్లు ఎవరి మీద పడతారో నాకు తెలుసు. ఒకసారి పడ్డారు.

బాలప్ప పేరు ఈ హాల్లో ఎంతమందికి గుర్తుంది?

(ఒకటి రెండు చేతులు లేచాయి.)

సరే. బాలప్ప మాజీ సైనికుడు. నారాయణగూడలో ఒక నగల దుకాణం ముందు, సొంత లైసెన్సు మీద కొనుక్కున్న రెండు గొట్టాల తుపాకితో పన్నెండేళ్లు కాపలా ఉన్నాడు. తుపాకి ఉన్నవాడికే ఆ ఉద్యోగం, లేనివాడికి ఈల, కర్ర. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సుదారులు తుపాకులు ఠాణాలో అప్పజెప్పి రసీదు తీసుకోవాలి కదా, అందరికన్నా ముందు నిలబడేది బాలప్పే. తుపాకిని భార్య ఆశమ్మ పాత చీరలో చుట్టి, చంటిబిడ్డను తెచ్చినట్టు తెచ్చేవాడు. రసీదు జాగ్రత్తగా మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకునేవాడు.

ఒక మధ్యాహ్నం దుకాణంలోకి ఇద్దరు కత్తులతో దూరారు. బాలప్ప తుపాకి ఎత్తాడు, పేల్చలేదు. వాళ్ల వెనకాల గాజులు చూసుకుంటున్న ఒక తల్లీ, ఇద్దరు పిల్లలూ ఉన్నారు. తుపాకి చూసి దొంగలు పారిపోయారు. ఎవరికీ గీత కూడా పడలేదు. యజమాని పూలదండ వేశాడు. ఆ తర్వాత బాలప్పకు నిద్ర కరువైంది. కళ్లు మూస్తే ట్రిగ్గరు నొక్కినట్టు, ఆ పిల్లలు పడిపోయినట్టు కనిపించేదట. ఆశమ్మ ఊరుకోలేదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన మాత్రలు రాశాడు, నాలుగు మంచి మాటలు చెప్పాడు, బాలప్ప కాస్త తేరుకుంటున్నాడు కూడా. జబ్బుపడ్డ మనిషి చెయ్యాల్సిన పని అదే కదండీ. దానికే శిక్షపడింది.

వాళ్లు బాగ్ లింగంపల్లిలో రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్లు. ఇంటాయనకు ఆ గదులు కావాలి. ఖాళీ చెయ్యమంటే, ఏడాది ఒప్పందం ఉంది సార్ అన్నాడు బాలప్ప. మందుల చీటీ ఇంటాయన కంటపడింది. వారం తిరక్కుండా ఒక అర్జీ తయారైంది. 'ఇతనికి మానసిక జబ్బు, చేతిలో తుపాకి, మా ప్రాణాలకు ప్రమాదం.' దాని కింద పదకొండు సంతకాలు. పొద్దున పార్కులో నడుస్తూ పెట్టినవి. మన అలవాటు మనకు తెలుసు కదా. ఎవరో అట్ట మీద కాగితం బిగించి ముందుకు చాపుతారు, 'ఏందన్నా ఇది' అంటాం, 'ఏం లేదు, కాలనీ పనే' అంటారు, నడక కూడా సరిగ్గా ఆపకుండా సంతకం గీకి ఇంకో రౌండు వేస్తాం. నేనూ వేలసార్లు అలాగే పెట్టాను. ఆ పదకొండుమందిలో బాలప్పతో ఒక్కసారైనా మాట్లాడినవాళ్లు ఇద్దరు. ఇది నేను ఇంటింటికీ వెళ్లి కనుక్కున్న లెక్క. వాళ్లలో కొందరు ఇప్పుడు ఇక్కడున్నారు. పేర్లు చెప్పను, భయపడకండి.

ఠాణా నుంచి పిలుపు వచ్చింది. బాలప్ప నా గదికి పరుగెత్తుకొచ్చాడు. "సార్, నేను ఎవలనన్న ఏమన్న అన్ననా? జర మీరే చెప్పున్రి" అన్నాడు. ఇక్కడే, మహాశయులారా, మీరు శాలువా కప్పిన ఈ అనుభవజ్ఞుడు తన తెలివి చూపించాడు. నోటీసు వస్తే రికార్డులో మచ్చ పడుతుంది, దుకాణం వాళ్లకు తెలుస్తుంది, మర్యాదగా మనమే ఇచ్చేస్తే పదిహేను రోజుల్లో తిరిగి తెప్పిస్తాను అన్నాను. కాగితం తీసి నా చేత్తోనే రాశాను. 'నా తుపాకిని స్వచ్ఛందంగా అప్పగిస్తున్నాను.' బాలప్ప చదవమన్నాడు, చదివాను. "స్వచ్ఛందంగ అంటే?" అని అడిగాడు. "నీ ఇష్టంతో" అన్నాను. "నాకిష్టం లేదు గద సార్" అన్నాడు. "రాతకోసం అలా రాస్తాం" అన్నాను. నా మాట మీద సంతకం పెట్టాడు.

(రాగిణి మంచినీళ్లు అందించారు.)

వాళ్లు తుపాకి లాక్కుని ఉంటే ఆర్డరు ఇవ్వాల్సి వచ్చేది. ఆర్డరులో కారణం రాయాలి. కారణం ఉంటే దాని మీద అప్పీలు ఉంటుంది, బాలప్ప నిలబడి నేను ప్రమాదకరమైనవాణ్ణి కాదని చెప్పుకునే చోటు ఒకటి ఉంటుంది. నేను రాసిన ఒక్క మాటతో ఆ చోటు లేకుండా పోయింది. ఎప్పుడు వెళ్లినా ఒకటే జవాబు. 'మేం తీసుకోలేదు కదండీ, ఆయనే ఇచ్చాడు. ఎంక్వయిరీ అయ్యాక చూద్దాం.' ఎంక్వయిరీ ఎవరు చేస్తున్నారంటే ఎవరికీ తెలియదు. పదిహేను రోజులన్నాను, నాలుగేళ్లయింది. పై కోర్టుకు వెళదాం రమ్మంటే బాలప్పే వద్దన్నాడు. "ఎన్ని కాగితాలేస్తే అన్నిట్ల నన్ను ప్రమాదకరమైనోడనే రాస్తున్రు సార్. ఇగ చాలు" అన్నాడు.

దుకాణం ఉద్యోగం పోయింది. మన అశోక్‌నగర్‌లోనే ఒక అపార్టుమెంటు గేటు దగ్గర ఈల పట్టుకుని కూర్చున్నాడు. మీలో చాలామందికి సలాం కొట్టి ఉంటాడు. మాత్రలు మానేశాడు. ఎందుకు మానేశావని కోప్పడ్డాను. "మందులు తిన్నన్ని దినాలు పిచ్చోడన్నరు. తినకుంటే ఎవ్వలేమంటలేరు" అన్నాడు.

అందుకే ఆ బల్ల మీది కాగితానికి నేను భయపడుతున్నాను. అందులో ఫిర్యాదు చెయ్యగలవాళ్లలో డాక్టరు కూడా ఉన్నాడు. రేపు తుపాకి ఉన్నవాడెవడూ నాకు నిద్ర పట్టడం లేదు డాక్టరుగారూ అని చెప్పడు. నిజంగా సాయం కావాల్సినవాడు ముందుగా నోరు మూసుకుంటాడు. ఒక మనిషి రేపేం చేస్తాడో చెప్పగల డాక్టరుని నేను చూడలేదు, పోలీసుని చూడలేదు, జడ్జీని అసలే చూడలేదు. నిన్న ఏం జరిగిందో తేల్చడానికే మాకు ఇరవయ్యేళ్లు పడుతోంది. ఇక ముందు తీసుకుని తర్వాత విచారిస్తామన్న మాట. ఆ 'తర్వాత' ఎంత పొడుగో నా క్లయింట్లను అడగండి. కొందరిని అడగడానికి లేదు, పోయారు.

బాలప్ప కూడా పోయాడు. పోయిన నెల, గేటు దగ్గర కుర్చీలో, పొద్దున పదకొండింటికి. గుండె ఆగిందన్నారు. నిద్ర లేకనే అని నేననను, నేను డాక్టర్ని కాను.

పదమూడో రోజు దాటాక ఆశమ్మకు ఉత్తరం వచ్చింది. మీ భర్త పేరిట ఉన్న ఆయుధం విషయంలో వారసులు దరఖాస్తు చేసుకోవచ్చునని. ఎంక్వయిరీ అయిపోయిందన్నమాట. ఆవిడ దాన్ని పట్టుకుని నా గది మెట్లు ఎక్కింది. "తుపాకి నేనేం జేస్కుంట సారు? నాకొద్దు. ఆయన అసుంటోడు కాడని ఒక్క కాగితం ఇప్పియ్యున్రి. ఫొటో పక్కకు పెట్టుకుంట" అంది. వెళ్లాను. పోలీసులను అడిగాను, లైసెన్సు సెక్షన్‌లో అడిగాను. వాళ్లూ చెడ్డవాళ్లు కాదు. అలాంటి కాగితం ఇచ్చే పద్ధతి మాకు లేదండీ అన్నారు. ప్రమాదకరం అని రాయడానికి పద్ధతి ఉంది. కాదు అని రాయడానికి లేదు. మీరు అడుగుతున్న కొత్త చట్టంలోనూ ఉండదు.

ఆశమ్మ ఇవాళ వచ్చింది. వెనక గోడ పక్కన కూర్చుంది. తిరిగి చూడకండి, ఆవిడకు ఇబ్బంది.

రచనా, నీ కాగితం మీద సంతకం పెట్టేవాళ్లను నేను ఆపను. ఆపగలనన్న నమ్మకం కూడా లేదు. ఇవాళో రేపో ఆ చట్టం వస్తుంది, మంచివాళ్ల చేతుల మీదుగానే వస్తుంది. దానికి ఎదురు నిలబడే వయసు, ఓపిక, ఆశ నాకు లేవు. మీ బాబాయి లాంటివాళ్ల దగ్గర అప్పటికీ పిస్తోలు ఉంటుంది.

వకీలుగా నా ఆఖరి కాగితం పొద్దున రాశాను. రెండు వాక్యాలే, చదువుతాను. 'కీర్తిశేషుడు బాలప్ప మాకు తెలిసినంతవరకు ఎవరికీ ప్రమాదకరమైన మనిషి కాదు. ఆయన తుపాకిని ఇష్టంతో ఇవ్వలేదు.' కింద నా సంతకం చేశాను. ఏ ఆఫీసులోనూ దీనికి విలువ లేదు. నా సంతకం కింద ఇంకో పదకొండు సంతకాలకు గీతలు గీసి వదిలాను. దీన్ని కూడా ఆ బల్ల మీదే పెడుతున్నాను. పార్కులో పెట్టినంత తేలిక కాదు, చదివి పెట్టాలి.

ఆ గీతలు నిండుతాయని నేను అనుకోవడం లేదు. ఆశమ్మకు కూడా అదే చెప్పాను. అయినా సభ అయ్యేదాకా కూర్చుంటానంది.

మీ అభిమానానికి, ఈ శాలువాకు, ఇంతసేపు ఓపిక పట్టినందుకు అందరికీ కృతజ్ఞతలు. సెలవు.