లక్ష్మీపతి గారి ఫోను వచ్చేదాకా

యంత్రాన్ని పూర్తిగా ఖాళీ చేయాలి. ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా ఎక్కించాలి. దానికి ఇంటిపేరుతో సహా ఒక పూర్తి పేరు పెట్టాలి. గడియారం సరిచూడాలి. ఫైర్‌వాల్‌లో తెరవవలసిన తలుపులు తెరిచి, తక్కినవన్నీ మూయాలి. ఆ తరువాత కంట్రోల్ ప్యానెల్ ఇన్‌స్టలేషన్ మొదలుపెట్టి, అది ముగిసేదాకా కీబోర్డు మీద చేయి వేయకుండా కూర్చోవాలి. 2003 సెప్టెంబరు 8, సోమవారం నాడు క్యారీలోని మన కార్యాలయంలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటరుగా చేరిన శ్రీ తాడికొండ చక్రపాణి గారికి మొదటి పూటే అప్పగించిన పనులివి. ఈ నెలాఖరున పదవీ విరమణ చేయబోతున్న ఆయన మొన్నమొన్నటి వరకు చేస్తూ వచ్చినవీ ఇవే. మధ్యలో యంత్రాలు మారాయి, యజమానులు మారారు, కార్యాలయమే ఒక భవనం నుంచి మరొక భవనానికి మారింది. ఆయన ముందున్న పనుల వరుస మాత్రం మారలేదు.

మన కార్యాలయ పత్రిక ఈ సంచికను కుటుంబసభ్యులు కూడా చదువుతారు గనుక, ఆయన వృత్తి ఏమిటో రెండు మాటల్లో చెప్పడం ధర్మం. చిన్న వ్యాపారులు, వైద్యశాలలు, సంఘాలవారు తమ వెబ్‌సైట్లను, మెయిళ్ళను ఉంచుకోవడానికి మన దగ్గర చోటు తీసుకుంటారు. వారికి సర్వర్ లోపలి భాష రాదు, రావలసిన అవసరమూ లేదు. బొత్తాలు నొక్కితే పని జరిగేలా వారి ముందుంచే తెర పేరే కంట్రోల్ ప్యానెల్. దానిని ఏ లోపమూ లేకుండా సర్వర్‌లో అమర్చి, తాళంచెవులు వారి చేతికివ్వడం చక్రపాణి గారి బాధ్యత. మీరు ఆఫీసులో చేసేదేమిటని సతీమణి జ్ఞానప్రసూన గారు అడిగినప్పుడల్లా, ఇళ్ళు కట్టి ఇస్తాను, కాపురాలు వాళ్ళవి అనేవారట. మరి వాళ్ళ కాపురాల్లో నీళ్ళు రాకపోతే ఫోను మనింటికెందుకు వస్తుందని ఆమె తిరిగి అడిగేవారట.

తొలి సంవత్సరాల్లో సర్వర్ అంటే చేతులతో మోయవలసిన ఇనుప పెట్టె. బయట ఆగస్టు ఎండకు కారు స్టీరింగు చేయి కాలుస్తుంటే, ఆయన యంత్రాల గదిలోని చలికి స్వెటర్ తొడుక్కొని కూర్చునేవారు. పిల్లల బడి కార్యక్రమాల్లో ఎప్పుడూ వెనుక వరుసలో, తలుపు పక్క కుర్చీ ఆయనది. ఫోను మోగితే ఎవరికీ అడ్డం కాకుండా బయటికి రావచ్చునని. ప్రశంసలు ఆయన కోరలేదు, దక్కలేదు కూడా. ఈ ఉద్యోగంలో పని సవ్యంగా జరిగిన రోజు ఎవరికీ గుర్తుండదు. ఆ మాటను ఆయన వాన వచ్చేలా ఉందని చెప్పినంత మామూలుగా చెప్పేవారు.

2009లో జరిగిన ఒక సంఘటనను చెప్పకుండా ఆయన గురించి ఎంత రాసినా అసంపూర్ణమే. సంబంధించిన ఇద్దరూ అనుమతించారు గనుకనే ఇక్కడ రాయడం. అప్పట్లో మన అకౌంట్స్ విభాగంలో లక్ష్మీపతి గారు పనిచేసేవారు. చక్రపాణి గారికి సమవయస్కులు. మధ్యాహ్నం ఒకరి డబ్బా ఒకరు తినేంత స్నేహం. ఆ ఏడు లక్ష్మీపతి గారి వీసా పొడిగింపు కోసం ప్రభుత్వం అదనపు పత్రాలు కోరి, గడువు పెట్టింది. మన కార్యాలయం ఆ పత్రాలను మెయిల్‌లో న్యాయవాదికి పంపింది. ఆ న్యాయవాది వెబ్‌సైటు ఉండేది మన దగ్గరే, మెయిళ్ళు మాత్రం వేరే చోట. సరిగ్గా అంతకు ముందు రోజే చక్రపాణి గారు ఆ సైటును, మన కార్యాలయపు మెయిళ్ళను కలిపి ఒక కొత్త సర్వర్‌కు మార్చారు. ఈ న్యాయవాది చిరునామాకు రాసే మెయిళ్ళు ఇక్కడే ఉండాలా, బయటికి వెళ్ళాలా అని కొత్త ప్యానెల్ అడిగే చోట, అది తనంతట తాను పెట్టుకున్న గుర్తును ఆయన అలాగే వదిలేశారు. ఇక్కడే ఉండాలన్న గుర్తు అది. ఆ క్షణం నుంచి మన కార్యాలయం న్యాయవాదికి రాసిన ప్రతి మెయిలూ గడప దాటకుండా, ఎవరూ తెరవని ఒక పెట్టెలో చేరి కూర్చుంది. తిరిగి రాలేదు, పొరపాటు జరిగిందని చెప్పనూ లేదు. పంపేశామని వీరు నిశ్చింతగా ఉన్నారు, పంపుతారని వారు ఎదురుచూశారు. గడువు దాటిపోయింది. లక్ష్మీపతి గారు ఉద్యోగం వదులుకొని, ఈ దేశంలోనే పుట్టి రెండో తరగతి చదువుతున్న కూతురు స్మృతిని బడి మాన్పించి, హైదరాబాదు వెళ్ళిపోవలసి వచ్చింది.

కారణం కనిపెట్టినవారూ చక్రపాణి గారే. ఎవరూ అడగకముందే యాజమాన్యానికి చెప్పారు. ఆ తరువాత లక్ష్మీపతి గారింటికి వెళ్ళారు. గరాజ్‌లో సామాను అమ్మకానికి పెట్టి ఉంది. జరిగిందంతా చెప్పారు. ఈలోగా ఎవరో వచ్చి కుర్చీల ధర అడిగి, బేరం కుదరక వెళ్ళిపోయారట. అప్పుడు లక్ష్మీపతి గారు అన్నారు:

"నీ మీద కోపం లేదని చెప్పను. ఉంది. కొన్నాళ్ళు ఉంటుంది. కానీ ఒకటి చెయ్యి. ఇకమీదట కొత్త సర్వర్ పెట్టిన ప్రతిసారీ, ఎవరికీ తాళాలివ్వక ముందు, దాన్లోంచి నాకొక మెయిల్ పంపు. అందితే నేను ఫోన్ చేసి చెప్తా. నా ఫోనొచ్చేదాకా పని అయిపోయిందని మాత్రం అనకు."

ఆనాటి నుంచి చక్రపాణి గారి పనుల వరుసకు చివర ఈ ఒక్కటి చేరింది. మొదటిసారి మెయిల్‌లో ఏం రాయాలో తోచక, ఆ పూట తిన్న టిఫిను పేరు రాశారు. అదే అలవాటైంది. ఈరోజు ఉప్మా అని క్యారీ నుంచి వెళ్ళేది. కాసేపటికి హైదరాబాదు నుంచి ఫోను: "వచ్చింది. జీడిపప్పు వేశారా, లేక నీ మొహానికి బఠాణీలేనా?" కోపం ఏ టిఫిను దగ్గర తగ్గిందో ఇద్దరూ చెప్పలేరు. మహమ్మారి ఏడాదిలో ఊళ్ళోని ప్రతి చిన్న దుకాణమూ ఒక్కసారిగా వెబ్‌సైటు కావాలని మన మీద పడినప్పుడు, చక్రపాణి గారు ఇంట్లో బట్టల అలమరా పక్కన బల్ల వేసుకొని ఇన్‌స్టలేషన్ మీద ఇన్‌స్టలేషన్ చేసినప్పుడు కూడా, లక్ష్మీపతి గారి ఫోను వచ్చాకే తాళాలు చేతులు మారాయి. స్మృతి కాలేజీ చదువుకు ఈ దేశం తిరిగి వచ్చి, ఉద్యోగంలో కుదురుకున్నాక, ఈ మధ్యనే తల్లిదండ్రులను తానుండే అల్ఫారెట్టాకు తెచ్చుకుంది. ఫోను అప్పుడు అక్కడి నుంచి రావడం మొదలైంది.

ఈలోగా ఇనుప పెట్టెలు పోయాయి. ఒక పెద్ద యంత్రాన్ని వాటాలు వేసి అద్దెకిచ్చే వర్చువల్ ప్రైవేట్ సర్వర్లు వచ్చాయి. అపార్ట్‌మెంటులో ఫ్లాటు తీసుకున్నట్టు, లోపలి సామాను మనది, మెయిన్ గేటు ఇంకొకరిది. ఇన్‌స్టలేషన్ మనుషుల చేతుల్లోంచి స్క్రిప్టుల, అంటే ముందే రాసిపెట్టిన ఆదేశాల, చేతుల్లోకి పోయింది. టెస్టులు వాటంతట అవే నడిచి, అన్నీ బాగుంటే పచ్చరంగు చూపుతాయి. టీము నాయకత్వం క్యారీలోనే పుట్టి పెరిగిన భవిత గారికి వచ్చింది. మీటింగుల్లో చక్రపాణి అని, మీటింగు ముగిశాక అంకుల్ అని పిలిచే ఆమెకు ఈ ఫోను వ్యవహారం ముచ్చటగా ఉండేది. మీ హ్యూమన్ టెస్ట్ పాస్ అయిందా అంకుల్ అని ఆటపట్టించేవారు. ఆయన నవ్వేవారు. లోపల మాత్రం ఒకటే దిగులు: తాను వెళ్ళిపోయాక ఆ మెయిల్ ఎవరు పంపుతారు? దీన్ని మన నియమావళిలో చేర్చమని ఒకసారి పైవారిని అడిగారు. స్క్రిప్టులో ఫోనుకు చోటు లేదని జవాబు వచ్చింది. మళ్ళీ అడిగే ఓపిక ఆయనకు లేకపోయింది.

గడచిన ఫిబ్రవరిలో ఒక శనివారం ఉదయం ఆయన ఆఖరి ఇన్‌స్టలేషన్. పాత ఖాతాదారులు కొందరిని కొత్త వర్చువల్ సర్వర్‌కు మార్చాలి. వారిలో ఒక డయాలిసిస్ కేంద్రం ఉంది. ఏ రోగి ఏ వేళకు రావాలో ఆ కేంద్రం మెయిల్ ద్వారానే తెలియజేస్తుంది. ప్యానెల్ చక్కగా ఎక్కింది. టెస్టులన్నీ పచ్చగా వెలిగాయి. చక్రపాణి గారు ఈరోజు పెసరట్టు అని రాసి, అల్ఫారెట్టాకు పంపి, కుర్చీలో వెనక్కి వాలారు.

ఫోను రాలేదు. తెచ్చుకున్న కాఫీ చల్లారింది. ఇంకొకటి తెచ్చుకున్నారు, అదీ చల్లారింది. పక్క బల్ల దగ్గర భవిత గారు ఖాతాదారులను కొత్త సర్వర్‌కు మళ్ళించే ఆఖరి బొత్తం ముందు, ఆయన మాట కోసం చూస్తున్నారు. ఆయన కళ్ళు మండుతున్నాయి, నడుము పట్టేసింది. ఇన్నేళ్ళలో ఫోను రాని రోజు లేదు. బయటికి వెళ్ళి ఉంటాడు, మరచిపోయి ఉంటాడు అనుకున్నారు. ఒకవేళ ఇదంతా తమ ఇద్దరి చాదస్తమేనేమో. ఇది దాటించి ఇంటికి పోయి పడుకుంటే చాలుననిపించింది.

"స్విచ్ చేసెయ్ భవితా," అన్నారు. "అన్నీ గ్రీనే కదా."

భవిత గారు మౌస్ మీద నుంచి చేయి తీసేశారు.

"ఆయన కాల్ చేయలేదు కదా అంకుల్."

"చేయలేదు. ఇక చాలమ్మా. నాకు ఓపిక లేదు."

"మీరు టైర్డ్. నేను కాదు. నంబర్ ఇవ్వండి, నేను కాల్ చేస్తాను."

స్పీకర్ పెట్టి చేశారు. మొదటి రింగుకే లక్ష్మీపతి గారు ఎత్తారు. పొద్దున్నుంచీ కంప్యూటర్ ముందే కూర్చున్నానని, కంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ కూడా స్మృతి చేత రీషెడ్యూల్ చేయించానని, స్పామ్‌లో కూడా వెతికానని, ఏమీ రాలేదని చెప్పారు.

"మరి మీరు కాల్ చేయలేదేంటి అంకుల్?" అని భవిత గారు అడిగారు.

"రాకపోతే చేయను కదమ్మా. అందితే చేస్తానన్నా. మీవాడు మర్చిపోయినట్టున్నాడు."

చక్రపాణి గారు మరచిపోయిన మాట నిజమే. ఇన్నేళ్ళూ ప్రతి మెయిలూ చేరుతూ వచ్చింది గనుక, ఆ మౌనానికి అర్థమేమిటో గుర్తుచేసుకోవలసిన అవసరమే ఆయనకు రాలేదు.

కారణం చిన్నదే. ఆ సర్వర్‌ను అద్దెకిచ్చినవారు, కొత్త సర్వర్ల నుంచి బయటికి మెయిల్ వెళ్ళే దారిని మూసి ఉంచి, అడిగినవారికే తెరుస్తారు. మన టెస్టేమో ఆ సర్వర్‌లోని ఒక పెట్టె నుంచి అదే సర్వర్‌లోని మరొక పెట్టెకు మెయిల్ పంపి, అందిందని పచ్చరంగు చూపింది. ఆ ఉదయం బొత్తం నొక్కి ఉంటే, సోమవారం డయాలిసిస్‌కు రావలసినవారికి కబురు చేరేది కాదు. అద్దెకిచ్చినవారికి రాసి, దారి తెరిపించి, మళ్ళీ పంపేసరికి మధ్యాహ్నమైంది. ఫోను మోగింది.

"వచ్చింది. పొద్దుటి పెసరట్టు ఇప్పుడా పంపేది?" అన్నారు లక్ష్మీపతి గారు. "నువ్వు రిటైరయ్యాక ఎవరు పంపుతారయ్యా?" అని కూడా అడిగారు.

భవిత గారు ఫోను దగ్గరికి జరిగారు.

"నేను పంపుతాను అంకుల్. కానీ నాకు తెలుగు రాయడం రాదు."

"ఏ భాషైనా పర్లేదు తల్లీ. ఏం తిన్నావో రాయి, చాలు."

"మార్నింగ్ నేనేం తినను."

"అయితే అదే రాయి."

ఆ సాయంత్రం చక్రపాణి గారు ఇంటికి వెళ్ళి, ఇక ఫోను మనింటికి రాదులే అని జ్ఞానప్రసూన గారితో అన్నారట. ఆమె ఇంకా నమ్మలేదని వినికిడి.

అలసిన ఆయన కళ్ళకు విశ్రాంతి దొరకాలని, చల్లారని కాఫీ ఇకనైనా ప్రతి ఉదయం ప్రాప్తించాలని, మనవల బడి కార్యక్రమాల్లో తలుపుకు దూరంగా, ముందు వరుసలో ఆయన నిశ్చింతగా కూర్చోవాలని, శ్రీ చక్రపాణి దంపతులు ఆరోగ్యంతో, ప్రశాంతతతో నిండు నూరేళ్ళు జీవించాలని సహోద్యోగులమందరం మనసారా కోరుకుంటున్నాం.

ఆయన కానుకలేవీ వద్దన్నారు. ఈ సంచికలో ఒక్క మనవి మాత్రం చేర్చమన్నారు. భవిత గారు సెలవులో ఉన్న రోజునో, ఆమె మరొక చోటికి వెళ్ళిన తరువాతో, మీలో ఎవరు కొత్త సర్వర్‌లో ప్యానెల్ అమర్చినా, పచ్చరంగు చూశాక కూడా ఒక్క క్షణం ఆగి అల్ఫారెట్టాలోని లక్ష్మీపతి గారిని గుర్తుచేసుకోండి. ఏం తిన్నారో రాసి పంపండి. ఆయన నుంచి ఫోను రాకపోతే, మరచిపోయారని మాత్రం అనుకోవద్దు.