అనుభవం ఉంది

చేపల కంపెనీలో నాణ్యత చూసే ఉద్యోగానికి దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలన్నారని అంకమ్మ మచిలీపట్నంలోని నెట్ సెంటర్‌కి వచ్చింది.

"పదో తరగతి పాసయ్యారు, సరే. అనుభవం దగ్గర ఏమీ లేదని పెట్టేస్తానండీ," అన్నాడు సెంటర్ ఆయన.

"ఎందుకు లేదండీ? పదిహేనేళ్ళుగా చేపలు అమ్ముతున్నాను."

"అది ఉద్యోగం కాదు కదమ్మా."

"సొంత వ్యాపారమని రాయండి. మొప్ప ఎత్తి చూస్తే చాలు, ఐసులో ఎన్నాళ్ళుందో చెప్పేస్తాను. అదీ రాయండి."

"ఈ దరఖాస్తుల్ని ముందు కంపెనీ కంప్యూటరే చదువుతుందండీ. దానికి కావాల్సిన మాటలు కనపడకపోతే పక్కన పడేస్తుంది."

"అయితే దానికి అర్థమయ్యే మాటల్లోనే రాయండి. లేదని మాత్రం రాయొద్దు. అది అబద్ధం."

ఆయన కంపెనీ ప్రకటన మళ్ళీ చదివాడు. "తాజాదనం చూడటం, గ్రేడింగ్, అంటే సైజునీ నాణ్యతనీ బట్టి వేరుచేయడం తెలిసినవాళ్ళు కావాలట. మీకు వచ్చా?"

"రోజూ రేవులో చేసేది అదే కదండీ."

ఆయన అనుభవం దగ్గర ఆ రెండు మాటలూ, పక్కన పదిహేనేళ్ళనీ ఎక్కించి పంపాడు.

నాలుగో రోజున కంపెనీ నుంచి ఓ అమ్మాయి ఫోన్ చేసింది. "గ్రేడింగ్‌లో పదిహేనేళ్ళు అని ఉందండీ. ఏ కంపెనీలో చేశారు?"

"కంపెనీ కాదమ్మా, గిలకలదిండి రేవులో. మీ సరుకు ఒక గంప నా ముందు పెట్టండి, వచ్చి చూపిస్తాను."

ఆ అమ్మాయి అవతల ఎవరినో అడిగి మళ్ళీ ఫోన్‌లోకి వచ్చింది.

"సోమవారం పదింటికి రాగలరా?"